అత్తయ్యగారు, కంప్యూటర్, మధ్యలో నా చెయ్యి

పెళ్ళయిన కొత్తలో ఇంట్లో వారమంతా ఇద్దరమే ఉండేవాళ్ళం, మా అత్తయ్యగారూ నేనూ. మావారిది విత్తనాల కంపెనీలో ఉద్యోగం. సోమవారం పొద్దున్నే బ్యాగు సర్దుకుని జిల్లాల మీద పడితే మళ్ళీ వారాంతానికి గానీ చిలకలగూడ మొహం చూసేవారు కాదు. మామయ్యగారు నేను ఆ ఇంటికి రాకముందే పోయారు. అత్తయ్యగారు మిషన్ స్కూల్లో ఉన్నన్నాళ్ళూ లెక్కలే చెప్పి రిటైరయ్యారు. ఆమె పుట్టిల్లు బాపట్ల దగ్గర. సికింద్రాబాద్‌లో అంతకాలం ఉన్నా ఆమె మాటలో ఒక్క ఉర్దూ ముక్క చేరలేదు. ఆటోవాళ్ళతో కూడా పాఠ్యపుస్తకంలోలాగే మాట్లాడేవారు. వాళ్ళు మీటరు మీద పైసా ఎక్కువ అడిగేవారు కాదు.

మా మధ్య గొడవలు ఉండేవి కావు. మాటలూ ఉండేవి కావు. "ఉప్పు సరిపోయింది" అన్నారంటే వంట మెచ్చుకున్నట్టు. ఏమీ అనకపోతే ఉప్పు సరిపోలేదని కాదు, ఆ పూట మాట్లాడాల్సింది ఏమీ లేదని అర్థం. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. అప్పటిదాకా ఉప్పు తగ్గించి చూశాను, పెంచి చూశాను.

ఆమెకున్న ఒకే ఒక వ్యసనం చదరంగం. వాళ్ళ నాన్నగారు పాదిరి. వానాకాలంలో పల్లెలకి దారులు మూసుకుపోయినప్పుడు ఇంట్లో కూర్చుని పిల్లలకి ఆట నేర్పారట. నలుగురు పిల్లల్లో ఈమె ఒక్కరే తండ్రిని ఓడించారట. ఆ తర్వాత ఆయన ఆమెతో ఆడటం మానేసి, మిగతా ముగ్గురితోనే ఆడారట. ఈ సంగతి ఆమె ఫిర్యాదులా కాక, ఏదో ఊరి జనాభా చెప్పినట్టు చెప్పారు.

చిలకలగూడలో ఆమెతో ఆడటానికి మిగిలింది మా పక్క వాటాలో ఉండే గార్డుగారు. గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరైన మనిషి, పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేట్‌లో. రోజూ భోజనాలయ్యాక వరండాలో బల్ల వేసుకునేవారు ఇద్దరూ. ఆయన దాదాపు రోజూ ఓడిపోయేవారు. ఓడిన ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉండేది. ఎండ కళ్ళలో పడిందనో, చాయ్ చల్లారిందనో, ఇంజను కూత వినపడి ధ్యానం తప్పిందనో. అత్తయ్యగారు ఆ కారణాలన్నీ ఓపిగ్గా విని, "రేపు కుర్చీ అటు వేసుకోండి" అనేవారు.

నేను అప్పట్లో రెజిమెంటల్ బజార్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. బట్టల కొట్టు పైన మొదటి అంతస్తు. తొంభైల చివర్లో ఊళ్ళో ప్రతి మొదటి అంతస్తులోనూ ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. కంప్యూటర్‌కి దుమ్ము పడదని అందరూ నమ్మేవారు. మా ఓనరుగారిది తెనాలి వైపు. అంతకుముందు పంపుసెట్ల వ్యాపారం చేశారు. కంప్యూటర్‌ని కూడా ఆయన 'మిషను' అనే పిలిచేవారు. పొద్దున్నే దానికి అగరొత్తి చూపించి, సాయంత్రం గుడ్డ కప్పించేవారు. దానికెంత స్పీడని ఎవరైనా అడిగితే, ఎన్ని ఎకరాలు తడుపుతుందో చెప్పినంత ధీమాగా చెప్పేవారు.

ఆ ఏడాది ఆయన మిగతా వాటికంటే వేగమైన మిషనొకటి కొన్నారు. దాన్ని అద్దాల తలుపు దగ్గర పెట్టించి, పక్కన చెక్క చదరంగం బల్ల వేయించి, మెట్ల దగ్గర బ్యానరు కట్టించారు. 'మా కంప్యూటర్‌ని చదరంగంలో ఓడించండి! ఆరునెలల కోర్సు ఉచితంగా పొందండి!' రోజూ సాయంత్రం క్లాసు అయ్యాక నేను ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. అవతలివాళ్ళు వేసిన ఎత్తు కీబోర్డు మీద కొట్టాలి. మిషను చెప్పిన ఎత్తు నా చేత్తో బల్ల మీద జరపాలి. కాలేజీ కుర్రాళ్ళు వచ్చేవారు, చప్పట్లు కొట్టుకుంటూ మొదలుపెట్టేవారు, కాసేపట్లో ఓడిపోయేవారు. ఓడినవాళ్ళలో కొందరు సిగ్గుపడి కోర్సులో చేరేవారు. ఓనరుగారి లెక్క అదే. ఆయన లెక్క తప్పలేదు.

ఒకరోజు అత్తయ్యగారు కళ్ళజోడు కాడ విరిగితే అతికించుకోవడానికి బజారుకొచ్చారు. పని అయ్యేదాకా ఎండలో నిలబడటమెందుకని పైకొచ్చారు. మెట్ల దగ్గర బ్యానరు పూర్తిగా చదివారు. ఏదైనా రాసి ఉంటే పూర్తిగా చదవడం ఆమె అలవాటు. చెప్పులు విడిచి, గొడుగు మూలన పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు.

"కళ్ళజోడు లేకుండా ఎలాగండీ?" అన్నాను.

"బల్ల కనిపిస్తోంది. నీ మొహం కనిపించడం లేదు. నీ మొహంతో పని లేదుగా" అన్నారు.

ఆట గార్డుగారితో ఆడినట్టే మొదలుపెట్టారు, అన్ని బలాలూ చకచకా బయటికి తెచ్చి, నడిమధ్యన తలపడి. మిషను ఆమె గుర్రాన్ని తీసింది, తర్వాత ఏనుగుని తీసింది, తర్వాత ఆటకట్టు చేసింది. అప్పటికి కింద కళ్ళజోడు కాడ ఇంకా అతుక్కుని కూడా ఉండదు. ఆమె కాసేపు బల్ల వైపే చూసి లేచారు. వెళ్తూ వెళ్తూ, "దీపాలు పెట్టే వేళకి వచ్చెయ్" అన్నారు. రోజూ అనే మాటే అది.

మర్నాటికి ఆ సంగతి మా వాటాలన్నిటికీ తెలిసింది. నేను చెప్పలేదు. అత్తయ్యగారే గార్డుగారికి చెప్పారు. చెప్పకుండా దాచడం ఆమెకి చేతకాదు.

"ఏంది టీచరమ్మా, కోడలి చేతుల ఓడిపోయిన్రంట గద?" అన్నారాయన గోడ మీంచి.

"ఓడించింది మా అమ్మాయి కాదు. మిషను."

"మరి చెయ్యి ఎవరిది?"

"చెయ్యి ఈమెదే."

"గట్లయితే సగం కోడలు ఓడగొట్టినట్టే లెక్క" అని ఆయన తీర్పు చెప్పేశారు. అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "సగం కాదు. ఏమీ కాదు. చెయ్యి ఎత్తు వెయ్యదు, మోస్తుంది" అన్నారు. నన్ను వెనకేసుకొచ్చారా, లేక లెక్క సరిచేశారా అన్నది నాకు అప్పుడు తేలలేదు.

ఆ పూట భోజనాల దగ్గర ఆమె ఉప్పు సంగతి ఎత్తలేదు.

"అది ఎలా ఆలోచిస్తుంది?" అన్నారు.

"ఏదండీ?"

"మీ మిషను."

నాకు తెలిసినంతలో చెప్పాను. తన ఎత్తు, దానికి మన జవాబు, మన జవాబుకి మళ్ళీ తన జవాబు, ఇలా వీలైనవన్నీ వేసి చూసుకుంటుందని. ప్రతి దారి చివరా లెక్క కడుతుందని. బంటుకి ఇంత, గుర్రానికి ఇంత, ఏనుగుకి ఇంత అని విలువ ఉంటుందని, ఏ దారిలో తనకి ఎక్కువ మిగిలితే ఆ దారి పడుతుందని.

"ఎంతదూరం చూస్తుంది?"

"కొన్ని ఎత్తుల దాకానండీ. దానికిచ్చిన టైము అయ్యేదాకా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏముందో దానికి తెలీదు."

"తెలీదని దానికి తెలుసా?"

నేను ముద్ద కలపడం ఆపాను. మా ఆరునెలల కోర్సులో ఆ పాఠం లేదు. "తెలియదనుకుంటానండీ" అన్నాను.

ఆమె మజ్జిగ పోసుకున్నారు. "అలసట?"

"ఉండదు."

"భయం?"

"ఉండదండీ."

"విసుగు?"

"అదీ ఉండదు."

"విసుగు లేకపోతే ఓపిక కూడా ఉండదు" అన్నారు ఆమె. "విసుగొచ్చినా కూర్చోవడాన్ని ఓపిక అంటారు. అది ఊరికే కూర్చుంటుంది, అంతే. కంచాలు తీసెయ్."

పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. కంచాలు కడుగుతూ నేను ఆ మాటలన్నీ మళ్ళీ మనసులో చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఆమె వీలైన సాయంత్రాలన్నీ రావడం మొదలుపెట్టారు. గొడుగు, అతికించిన కళ్ళజోడు, చేతిలో చిన్న నీళ్ళ సీసా. కాలేజీ కుర్రాళ్ళ వెనక వరసలో నిలబడేవారు. "మీరు ముందు రండి మేడమ్" అని వాళ్ళు దారిచ్చినా వచ్చేవారు కాదు. వంతు వచ్చాక కూర్చుని, ఆడి, ఓడిపోయి, వెళ్ళిపోయేవారు. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. నా చేత్తో ఆమె బంట్లన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాలి కదా. రోజూ అదే పని. కొన్నాళ్ళకి తెలిసింది, ఆమె ఓడిపోవడం లేదని. పరీక్ష పెడుతున్నారు.

ఒకరోజు బంటుని ఊరికే ఇచ్చేశారు. మిషను తీసుకుంది. ఇంకోరోజు తీసుకుంటే చాలాసేపటి తర్వాత మంత్రి చిక్కుల్లో పడేటట్టు ఒక బంటునిచ్చారు. అదీ తీసుకుంది. ఆ చిక్కులోంచి బయటపడి గెలిచింది కూడా, కానీ ఇబ్బంది పడి గెలిచింది. అత్తయ్యగారు తల పంకించారు. "పెళ్ళిలో వడ్డించినట్టు ఏది పెట్టినా తింటుంది. అరుగుతుందా లేదా అని చూసుకోదు" అన్నారు దారిలో.

మరోరోజు బంట్లన్నీ ఎదురెదురుగా గుద్దుకుని నిలిచిపోయేట్టు కట్టారు. ఆమె బంటు ముందు దాని బంటు, దాని బంటు ముందు ఆమె బంటు. ఎవరూ ఎవరినీ తీయడానికి లేదు. బల్లంతా గోడ. అప్పుడు నేనూ ఒక వింత చూశాను. మిషను ఏనుగుని ఒక గడి పక్కకి జరపమంది. తర్వాత వెనక్కి జరపమంది. మళ్ళీ పక్కకి. మళ్ళీ వెనక్కి. నా చెయ్యి ఆ ఏనుగుని ఊయల ఊపినట్టు ఊపుతూనే ఉంది.

అత్తయ్యగారు మొదటిసారి బల్ల మీంచి తలెత్తి తెర వైపు చూశారు.

"మా స్కూలు నడిపే కరస్పాండెంటుగారు ఇంతే" అన్నారు. "ఇన్‌స్పెక్షను లేని రోజుల్లో వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేవారు. పని ఉన్నట్టే నడిచేవారు."

ఆ రోజూ ఆమె ఓడిపోయారు. గోడ తెరవడంలో తొందరపడ్డారు. కానీ ఇంటికి నడిచి వెళ్తుంటే ఆమె నడక వేగంగా ఉంది.

"దానితో బజారు మధ్యలో పోట్లాడకూడదు" అన్నారు. "అక్కడ అన్ని వైపులా దానికే కనిపిస్తుంది, మనం ఒక్క వైపు చూస్తాం. సందులోకి తీసుకెళ్ళాలి. సందులో అది చూడటానికి ఏమీ ఉండదు. మనకి మాత్రం ఎటు పోవాలో తెలిసుండాలి."

అభ్యాసానికి ఆమెకి ఇంట్లో ఒక కంప్యూటర్ కావలసివచ్చింది. గార్డుగారిని నియమించారు. ఆదివారం గుడి నుంచి, అంటే చర్చి నుంచి, వచ్చాక ఆయనకి నియమాలు చదివి వినిపించారు. ఏది ఇస్తే అది తీసుకోవాలి. తీసుకోవడానికి ఏమీ లేకపోతే ఏనుగుని అటూ ఇటూ జరపాలి. దూరం ఆలోచించకూడదు.

"గిదేం ఆట టీచరమ్మా" అన్నారు గార్డుగారు. "నా ఏనుగు గిటు పోయి గటు రావాల్నా? దానికి సుత మానం ఉంటది గద."

"మిషనుకి ఉండదు."

"చాయ్ తాగొచ్చా?"

"ఎత్తు వేశాక తాగండి."

ఆయన నిజంగానే ప్రయత్నించారు. కాసేపు ఏనుగుని జరిపారు. ఆ తర్వాత అత్తయ్యగారు శకటుని ఆయన రాజు ముందున్న బంటు మీదికి పంపారు. ఆ పావుని ఇంగ్లీషువాళ్ళు బిషప్ అంటారు గానీ ఆమె ఎప్పుడూ అలా అనేవారు కాదు. బిషప్‌గారిని ఒకసారి స్కూలు కప్పు విషయమై కలిశారట, అప్పట్నుంచీ శకటు అనే అంటున్నారు. గార్డుగారు ఆ శకటు వైపు చాలాసేపు చూశారు.

"తీసుకోండి" అన్నారు అత్తయ్యగారు.

"తీసుకుంటే నా రాజు సచ్చిపోతడు."

"అది మీకు కనిపించకూడదు."

"కనవడుతున్నది గద!"

"మీరిప్పుడు కంప్యూటర్. మీకు కనిపించదు."

"గింత పెద్ద ఖత్రా కండ్ల ముంగటనే ఉంటే కనవడదంటే ఎట్ల టీచరమ్మా? నేను గూడ్సు నడిపినోన్ని. దూరంల సిగ్నల్ చూసుడే నా కొలువు." ఆయన నా వైపు తిరిగారు. "బిడ్డా, నువ్వన్న జెర చెప్పు. నాతోని కాదు. పరేషాన్ అయితున్న."

చివరికి ఆయన కళ్ళు మూసుకుని శకటుని తీశారు. అత్తయ్యగారు గెలిచారు. ఆయన చాయ్ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి, నిన్నటిది తన ఓటమి కాదని, కంప్యూటర్‌దని, తన ఓటముల్లో కలపొద్దని అడిగారు. ఆమె ఒప్పుకున్నారు.

ఈలోగా మా ఓనరుగారికి ఒక ఆలోచన వచ్చింది. రిటైరైన పెద్దావిడ కంప్యూటర్‌తో రోజూ పట్టుదలగా ఆడుతోందంటే పేపరులో సికింద్రాబాద్ పేజీకి పనికొస్తుందని. ఒక శనివారం మధ్యాహ్నానికి విలేకరిని పిలిచారు. అత్తయ్యగారిని స్వయంగా అడిగారు కూడా.

"మీరు తప్పకుండా రావాలి టీచర్‌గారూ. గెలుపోటములు దేవుడెరుగు. మీలాంటి పెద్దలు కూర్చుంటే మా సంస్థకి గౌరవం."

"వస్తాను. ఆట జరిగేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు" అన్నారామె.

ఆమె వెళ్ళాక ఆయన నన్ను పక్కకి పిలిచారు. "అమ్మా, మీ అత్తగారని కాదు. పేపరువాళ్ళొస్తున్నారు. మన మిషను పరువు పోకూడదు. దాని లెవెలు కొంచెం పెంచు."

నేను పెంచాను. ఒక్కో ఎత్తుకి ఎక్కువసేపు ఆలోచించేటట్టు పెట్టాను. అది నా ఉద్యోగం. ఇంటికెళ్ళి అత్తయ్యగారికి ఆ సంగతి చెప్పాను. అది కూడా నా ఉద్యోగమే అనిపించింది.

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. "పెంచనీ" అన్నారు. "గుమ్మం లేని గోడ ముందు కాసేపు నిలబడితేనేం, పూటంతా నిలబడితేనేం?"

శనివారం వచ్చింది. విద్యార్థులు, కింద బట్టల కొట్టువాళ్ళు, గార్డుగారు, ఫొటోగ్రాఫరుతో సహా విలేకరి. గది నిండిపోయింది. గుమ్మం బయట చెప్పులు మెట్ల మీదికి దిగిపోయాయి. అత్తయ్యగారు గుడికి కట్టుకునే తెల్ల అంచు చీర కట్టుకొచ్చారు. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. "ఎందుకు?" అని అడిగారు. అతను అలాగే ఫొటో తీసేశాడు.

ఆమెవి తెల్ల పావులు. మొదట్నుంచే బంట్లు మధ్యలోకి తోసి బిగించుకుంటూ వచ్చారు. ఏదీ తీయలేదు, ఏదీ ఇవ్వలేదు. అరగంట గడిచేసరికి బల్ల మీద ఒక్క పావు కూడా పోలేదు. చూసేవాళ్ళకి అది ఆటలా కాక, ఎవరో సామాను సర్దుకుంటున్నట్టు ఉంది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటూ దిగిపోయారు. బట్టల కొట్టువాళ్ళకి గిరాకీ వచ్చింది.

తెర మీద ఒక మూల ఒక అంకె కనిపిస్తుంది. మిషను తనెంత ముందున్నానని అనుకుంటోందో ఆ అంకె చెబుతుంది. ఆ అంకె మిషను వైపే మొగ్గి ఉంది. ఓనరుగారు తన గదిలోంచి మాటిమాటికీ వచ్చి నా చెవిలో, "మనమే ముందున్నాం కదమ్మా?" అనేవారు.

"ముందున్నాం సార్" అనేదాన్ని నేను. మనం అంటే ఎవరో ఆయనా వివరించలేదు, నేనూ అడగలేదు.

విలేకరికి ఇంకెక్కడో శంకుస్థాపన ఉంది. లేచి నా దగ్గరికొచ్చి, "ఎవరు గెలుస్తున్నారండీ?" అని గుసగుసగా అడిగారు. నేను అంకె చూపించాను. ఆయన రాసుకుని వెళ్ళిపోయారు.

చివరికి మిగిలింది గార్డుగారొక్కరే. మాట్లాడకూడదన్నారు కాబట్టి ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

మిషను ఏనుగుని జరపడం మొదలుపెట్టింది. అటూ, ఇటూ. అత్తయ్యగారు మాత్రం ఒక్కొక్క పావునీ గోడ వెనకాల నుంచి దాని రాజు ఉన్న వైపుకి చేరుస్తున్నారు. గుర్రం తిన్నగా వెళ్ళడానికి దారి లేకపోతే చుట్టూ తిప్పి తెచ్చారు. ఏనుగుని లేపి ఆ గుర్రం పక్కకి చేర్చారు. మంత్రిని చివరన తెచ్చారు. ఎక్కడా తొందర లేదు. స్కూలు వార్షికోత్సవానికి పిల్లల్ని తెర వెనక నిలబెట్టినట్టు నిలబెట్టారు. నేను ఎదురుగా కూర్చుని అంతా చూస్తున్నాను. నాకు కనిపిస్తోంది. నా పక్కనున్న మిషనుకి కనిపించడం లేదు. అది ఆలోచించాల్సినంతసేపూ ఆలోచించి, ఏనుగుని ఇటు జరపమంటుంది. నేను జరుపుతాను. అంకె దాని వైపే ఉంది.

అప్పుడు ఆమె శకటుని రాజు ముందున్న బంటు మీద పెట్టి, బంటుని తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

గార్డుగారి కండువాలోంచి ఏదో చప్పుడు వచ్చింది.

మిషను శకటుని తీసుకుంది. అంకె ఇంకా పెరిగింది. ఓనరుగారు వచ్చి చూసి, తృప్తిగా, "అయిపోయినట్టేనా?" అన్నారు. అత్తయ్యగారు మంత్రిని జరిపారు. మిషను ఆలోచించింది. అంకె సున్నా అయింది. ఆమె ఏనుగుని జరిపారు. అంకె కిందికి దిగడం కాదు, చీకట్లో ఆఖరి మెట్టు ఉందనుకుని అడుగు వేసిన మనిషిలాగా పడిపోయింది.

అక్కణ్ణుంచి మిషను విచిత్రంగా ప్రవర్తించింది. తన గుర్రాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆమె తీసుకున్నారు. ఏనుగుని తెచ్చి పెట్టింది. తీసుకున్నారు. మంత్రిని కూడా తెచ్చి ఇచ్చేసింది. అంతసేపూ ఆ పావుల్ని మోసుకెళ్ళి ఆమెకి అప్పగించింది నా చెయ్యే.  నాకు గట్టిగా అరవాలనిపించింది, అరిస్తే ఉద్యోగం పోతుంది.

"ఇవన్నీ ఎందుకిస్తోంది?" అన్నారు అత్తయ్యగారు. ఆట మొదలయ్యాక ఆమె మాట్లాడింది అదే మొదటిసారి.

"వాయిదా వేస్తోందండీ. ఒక్కోటీ ఇచ్చినంతసేపూ ఆ గండం దానికి కనిపించనంత దూరం జరుగుతుంది. కనిపించకపోతే లేదనుకుంటుంది."

"పాపం" అన్నారామె. మంత్రిని తీసి పక్కన పెట్టి, ఏనుగుతో ఆటకట్టు చేశారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి గార్డుగారు తప్ప ఎవరూ లేరు. ఆయన ఇంకా మాట్లాడొచ్చో లేదో తెలియక కండువా తీయలేదు. అత్తయ్యగారు ఆయన వైపు తిరిగి తలూపాక, "టీచరమ్మా, నిన్నటిదాంక నన్ను గుడ్డోన్ని చేసిన్రనుకున్న. నిజంగనే గుడ్డిదున్నది లోకంల" అన్నారు.

ఓనరుగారు తెర దగ్గరికొచ్చి చాలాసేపు నిలబడ్డారు. పంపుసెట్టు నుంచి నీళ్ళు రాకపోతే ఎలా చూస్తారో అలా చూశారు. వెనక్కి వెళ్ళి తీగలు కదిపి చూశారు. "వైరస్ అయ్యుంటుంది" అన్నారు. సోమవారం సర్వీసు ఇంజనీరుని పిలిపించారు. అతను పరీక్షించి ఏ లోపమూ లేదన్నాడు. మా ఓనరుగారు ఇంకో ఇంజనీరుని పిలిపించారు.

ఆదివారం పేపర్లో ఫొటో వచ్చింది. కంప్యూటర్‌తో ధైర్యంగా తలపడిన విశ్రాంత ఉపాధ్యాయిని చివరికి యంత్ర మేధస్సు ముందు తలవంచక తప్పలేదని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసి దిద్దించమని చెబుతానన్నాను. మావారు కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు, ఆయనా లేచారు.

"అక్కర్లేదు" అన్నారు అత్తయ్యగారు. "విలేకరి వెళ్ళేటప్పటికి అది నిజమే. లెక్క మధ్యలో లేచి వెళ్ళిపోయాడు, అంతే." పేపరు మడిచి, ఉపాధ్యాయిని అన్న మాటలో ఒక దీర్ఘం తప్పుపడిందని మాత్రం చెప్పారు.

తర్వాతి వారం ఆమె బ్యానరు కింద నిలబడి కోర్సు అడిగారు. ఓనరుగారు ఇబ్బంది పడ్డారు. అది యువతను ఉద్దేశించి పెట్టిన బహుమతి అన్నారు. ఆమె బ్యానరు పైనుంచి కిందిదాకా మళ్ళీ చదివి, "యువత అన్న మాట ఇందులో లేదు" అన్నారు. సాయంత్రానికి ఆమె పేరు నా క్లాసు రిజిస్టరులో ఎక్కింది.

క్లాసులో మొదటి బెంచీ. నన్ను 'మేడమ్' అని పిలిచేవారు. నేను లోపలికి రాగానే అందరితో పాటు లేచి నిలబడేవారు. మొదటిరోజు నేను చాక్‌పీసు జారవిడిచాను. కూర్చోమని చెప్పడానికి నోరు రాలేదు, చెప్పకపోతే ఆమె కూర్చునేలా లేరు. "కూర్చోండి అత్తయ్యగారూ" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఇక్కడ నేను విద్యార్థినండీ మేడమ్" అన్నారు.

ప్రశ్నలకి అంతుండేది కాదు. కరెంటు పోతే మర్చిపోయేదాన్ని జ్ఞాపకశక్తి అని ఎందుకంటారని ఒకరోజు. తప్పు చేశావని చెప్పి, ఏ తప్పో చెప్పకుండా ఆగిపోయే యంత్రం మంచి మాస్టారెలా అవుతుందని ఇంకోరోజు. జవాబులు తెలియక నేను పుస్తకాలు తెచ్చుకుని ఇంట్లో చదవడం మొదలుపెట్టాను. ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని హోంవర్కు చేసుకునేవారు. నా బోర్డు రాత వంకరగా ఉందని ఇంటికొచ్చాకే చెప్పేవారు, క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. మావారు ఒక శనివారం ఊరినుంచి వచ్చి, అన్నం తింటూ మేమిద్దరం ఫ్లాపీల గురించి వాదించుకోవడం విని, "నాకు చారు వెయ్యరా ఎవరైనా?" అని అడిగారు.

కోర్సు పూర్తయ్యాక కూడా ఆమె అప్పుడప్పుడూ వచ్చి ఆ మిషనుతో ఆడేవారు. గెలిచేవారు, ఓడిపోయేవారు. తర్వాత ఒకటి రెండేళ్ళకి ఓనరుగారు కొత్త మిషను కొన్నారు, అందులో కొత్త చదరంగం. అత్తయ్యగారు మళ్ళీ గోడ కట్టారు. కొత్తది ఏనుగుని ఊపుతూ కూర్చోలేదు. గోడ పూర్తి కాకముందే ఒక బంటుని వదులుకుని మరీ మధ్యలో దారి తెరిచింది. ఆ దారిలోంచి వచ్చి ఆటకట్టు చేసింది. ఆమె ఇంకో గోడ కట్టి చూశారు. అదీ పడింది. కొన్ని వారాలు అన్ని రకాలుగా ప్రయత్నించారు. ఒక సాయంత్రం కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు.

"ఇక దీన్ని నేను ఓడించలేను" అన్నారు. చింతపండు ధర చెప్పినట్టు చెప్పారు.

నాకే బాధనిపించింది. బస్టాపు దాకా నడిచాం. "బాధగా ఉందా అత్తయ్యగారూ?" అన్నాను చివరికి.

"ఎందుకు?" అన్నారామె. "పాతదానికి గోడ తెలీదు. దీనికి తెలుసు. దానంతటది నేర్చుకుందా?"

"లేదండీ. తయారుచేసేవాళ్ళే మార్చి ఉంటారు."

"ఎందుకు మార్చారు? నాలాంటివాళ్ళు ఎక్కడెక్కడో కూర్చుని గోడలు కట్టి దాన్ని ఓడించి ఉంటారు. అది చూసి ఎవరో పని మానుకుని దీన్ని దిద్దారు." బస్సు వచ్చింది. ఆమె గొడుగు మడుస్తూ, "పేపరులో రాయకపోయినా తెలియాల్సినవాళ్ళకి తెలిసిందన్నమాట" అని ముందు తలుపు వైపు నడిచారు. ఆడవాళ్ళ సీట్లో ఒకటే ఖాళీ ఉంది. నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఆమే కూర్చుని నా చేతిసంచీ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.